చూసి పలకడం

పనివాళ్ళ హాస్టలు,
కిటికీ పక్క మంచం,
వానలు మొదలైన వారం.

మావయ్యకు,

నీ చెవులు ఎలా ఉన్నాయని ఈసారి అడగను. పోయినసారి అడిగిన పాపానికి కుడిచెవి గురించి రెండు పేజీలు, ఎడమచెవి గురించి మూడు పేజీలు రాశావు. మోటారు గదుల హోరు నీ చెవుల్ని తినేసింది, ఫోనులో మాట వినబడదు, అందుకే మేమిద్దరం ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నాం అని చెబితే మా గదిలో అమ్మాయిలు పడీపడీ నవ్వారు. వాళ్ళూ మా కంపెనీలోనే లిఫ్టు పని నేర్చుకుంటున్నారులే. మీ మావయ్యను ఒకసారి తీసుకురా అక్కా, అద్దాల పెట్టెలో పెట్టి చూసుకుంటాం అంటున్నారు.

అసలు సంగతికి వస్తాను. కంపెనీ మా ఫోన్లలో కొత్తగా ఒక ఏఐని పెట్టింది. నోటితో తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది. ఫొటో చూపిస్తే చదువుతుంది. మొన్న ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోంది. ప్యానెల్ మీద ఏదో నంబరు వెలుగుతోంది. మాన్యువల్ ఏ దేశపు భాషో, సిరాలో పడి లేచిన చీమలు కాగితం మీద పాకినట్టుంది. ఇదివరకైతే ఇంజనీరుకు ఫోన్ చేసి, ఆయన ఎత్తేదాకా మెట్ల మీద కూర్చునేదాన్ని. ఈసారి రెండిటికీ ఫొటో తీసి ఫోనుకు చూపించాను. "ఏదో ఒక అంతస్తులో తలుపు తాళం సరిగా పడటం లేదని ఆ నంబరుకు అర్థం. ఒక్కొక్క తలుపే చూసుకుంటూ రండి" అంది. చూశాను. దొరికింది! రిపోర్టు కూడా అదే రాసింది. నేను నోటికొచ్చినట్టు చెబుతూ పోయాను, అది ఆఫీసు భాషలో సర్దిపెట్టింది. నా రిపోర్టు వెనక్కి రాకపోవడం ఇదే మొదటిసారి మావయ్యా.

ఇంకో కబురుంది. ఫోను ఇంత సాయం చేస్తుంటే ఒక్కో పనికి ఇద్దరెందుకని కంపెనీ ఆలోచన. ఈ వానాకాలమంతా మాలో నలుగుర్ని ఒంటరిగా పంపి చూస్తారట. అందులో నేనొకదాన్ని. చివర్న మీటింగు పెట్టి మమ్మల్ని అడుగుతారు. బాగా జరిగిందంటే నన్ను సీనియర్ మెకానిక్‌ని చేస్తానని సూపర్‌వైజర్ మాటిచ్చాడు. ఆడపిల్లల్లో ఇంతవరకూ ఎవరూ కాలేదు. నాతో జతగా వచ్చే నిదానం అన్న గుర్తున్నాడా, మంట అంటుకున్నా నడిచే బయటికొచ్చే మనిషి? ఆయన్ని స్టోరుకు పంపుతారట, నట్లూ బోల్టులూ సర్దడానికి. "నట్లు నాకంటే నిదానమమ్మా, మాకు బాగానే కుదురుతుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

మారుపలకడానికి పక్కన మనిషి ఉండడని మొదట దిగులేసింది. కానీ అలవాటు కొద్దీ నేను "మెయిన్ ఆఫ్" అంటే, ఫోను "సరే, మెయిన్ ఆఫ్" అంటోంది! నువ్వు నేర్పిన పద్ధతి దానికి ఎవరు నేర్పారో.

అత్తయ్యకు నా దండాలు, నీకు మాత్రం లేవు.

పిడుగు

*

టైర్ల కొట్టు మీది మేడగది,
ముసురు పట్టిన మధ్యాహ్నం.

మా పిడుగుకు, నీ మావయ్య మూడంతస్తుల మెట్లు ఎక్కి, ఆయాసం తీరాక రాస్తున్నది ఏమనగా:

ఈ భవనానికి లిఫ్టు లేదన్న సంగతి నీకు తెలుసు. మీ అత్తయ్యకు ఇంకా బాగా తెలుసు. "బతుకంతా ఊరందర్నీ పైకి చేర్చావు, కట్టుకున్నదాన్ని మాత్రం మెట్లకు అప్పజెప్పావు" అని కూరల సంచి మోసుకొచ్చిన ప్రతిసారీ అంటుంది. నాకు వినబడదు. కొన్ని మాటలకు చెవుడు వరం.

నీ ఫోను సంగతి చదివితే నా చదువు గుర్తొచ్చింది. ఏడో తరగతితో బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో, ఇద్దరికీ గుర్తులేదు. ఆ తరవాత నేను చదివిందంతా మాన్యువళ్ళే. బొమ్మ చూసి, బొమ్మకింద అక్షరాలు చూసి, ఈ అక్షరాలున్న ముక్క ఇదే అయ్యుంటుందని పోల్చుకోవడం. ఒక మాన్యువల్లో మొదటి పేజీ మీద ఎర్రగీతల మధ్య పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉండేది. ఇంత పెద్దగా రాశారంటే ప్రాణాల మీదికి వచ్చే విషయమే అయ్యుంటుందని, అచ్చు అలాగే దించి మోటారు గది గోడకు అంటించాను. కొత్తగా చేరినవాళ్ళకు దాన్ని రోజూ చూపించి భయం చెప్పేవాణ్ణి. చాలా కాలానికి ఆ భాష తెలిసిన ఇంజనీరు ఒకాయన వచ్చి చదివి, గోడకు ఆనుకుని నవ్వాడు. "మా లిఫ్టు కొన్నందుకు కృతజ్ఞతలు" అట!

కాబట్టి ఫోను మీద నాకు చిన్నచూపేమీ లేదు. నా రోజుల్లో అది ఉంటే నేను ఇంకొంచెం తక్కువ అబద్ధాలు బోధించేవాణ్ణి. ఇంజనీరు ఫోన్ ఎత్తేదాకా మెట్ల మీద కూర్చునే కాలం పోయిందంటే నా మోకాళ్ళు కూడా సంతోషించాయి.

ఎక్కడో మొదలెట్టి ఎక్కడికో వెళ్ళాను. మారుపలకడం దగ్గర ఆగిపోయాను నేను. మనలో అది ఎలా జరుగుతుంది? లిఫ్టు కింది గొయ్యిలోకి దిగబోయేవాడు "మెయిన్ ఆఫ్" అని కేకేస్తాడు. రెండోవాడు మోటారు గదిలో స్విచ్చు మీద చెయ్యి వేసి, కళ్ళతో చూసి, అప్పుడు అదే మాట తిరిగి అంటాడు. ఆ గొంతు వినబడ్డాకే మొదటివాడు కాలు కిందపెడతాడు. మరి ఫోను ఎక్కణ్ణుంచి చూసి పలుకుతోంది? దానికి కెమెరా ఉందంటారు, ఏమో, అందులోంచి చూస్తుందేమో నాకు తెలియదు. ఈ ఒక్కటీ విడమరిచి రాయి. తక్కినవన్నీ నేను ఊహించుకుంటాను.

సీనియర్ మెకానిక్ అంటే చిన్న విషయం కాదు. మీ అత్తయ్య అప్పుడే కిందకి దిగి టైర్ల కొట్టువాడికి చెప్పేసింది.

నీ మావయ్య

*

హాస్టలు.

గౌరవనీయులైన మామయ్య గారికి,

నమస్కారములు. మీరు, అత్తయ్య గారు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. మీ లేఖ అందినందుకు ఎంతో సంతోషం కలిగింది. మీ అనుభవాలు నాకు ఎల్లప్పుడూ స్ఫూర్తిదాయకం.

ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. ఒంటరి విధుల ప్రయోగం సాఫీగా కొనసాగుతోంది. పని ఒత్తిడి కారణంగా ఆలస్యంగా స్పందిస్తున్నందుకు మన్నించగలరు. మీరు లేవనెత్తిన ప్రశ్న విలువైనది. దాని గురించి వీలు చూసుకుని వివరంగా తెలియజేస్తాను.

మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోగలరు.

ఇట్లు,
మీ మేనకోడలు

*

మేడగది,
ఉత్తరం అందిన రోజే.

మా పిడుగుకూ, మధ్యలో కూర్చుని ఈ ఉత్తరం రాసిపెట్టిన పెద్దమనిషికీ,

మీ అత్తయ్య నీ ఉత్తరం చదివి, "ఈ పిల్ల ఎవరు, ఇంత మర్యాదగా ఉంది?" అంది. అచ్చులో వచ్చిన కాగితం. అందులో నాకు తిట్టు లేదు, వెక్కిరింత లేదు, చెవుల ప్రస్తావన లేదు. నాకు 'గారు' తగిలించావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను మన్నించమని అడగలేదు, నా సైకిలు బావిలో పడేసినప్పుడు కూడా.

ఏఐ చేత రాయించినందుకు కోపం రాలేదు. నా చిన్నప్పుడు మా వీధిలో ఉత్తరాలు రాసిపెట్టే పంతులు ఒకాయన ఉండేవాడు. ఎవరొచ్చి ఏం చెప్పినా ఒకటే ఉత్తరం రాసేవాడు. గొడ్డు చచ్చినా, పిల్లకు సంబంధం కుదిరినా, ఆయన ఉత్తరంలో అందరూ క్షేమమే. చదువుకునేవాళ్ళు చివర్న వేసిన వేలిముద్ర చూసి, అది వణికిందా లేదా అని అసలు కబురు తెలుసుకునేవాళ్ళు.

నేను అచ్చు కింద నువ్వు చేత్తో పెట్టిన సంతకం చూశాను. వంకరగా, వెనక్కి పడబోతున్నట్టుగా ఉంది. అది నీ ఎడమచెయ్యి.

కుడిచేతికి ఏమైంది? ఏ వేళ్ళు?

పిట్టకథలేమీ లేవు. జవాబు రాయి.

మావయ్య

*

హాస్టలు, కిటికీ పక్క మంచం,
వాన తెరిపిచ్చింది.

మావయ్యా,

ఇది కూడా ఫోనే రాస్తోంది. కానీ ముందే చెప్పాను దానికి: నేను అన్నది అన్నట్టు రాయి, మర్యాద చేశావంటే ఊరుకోను అని. "అలాగే" అంది పాపం.

చూపుడువేలు, మధ్యవేలు. ఎముక చిట్లింది. వేళ్ళు ఉన్నాయి, ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. వంగడానికే టైము పడుతుందట. అత్తయ్యకు ఈ ముక్క ముందు చదివి వినిపించు.

ఒక పాత అపార్టుమెంటు. పక్కపక్కనే రెండు లిఫ్టులు. ఒకటి కుదుపుతో ఆగిపోతోంది. ప్యానెల్ మీది నంబరు చూపిస్తే ఫోను చెప్పింది: వేగాన్ని కనిపెట్టే తాడుకు ఏదో అడ్డం పడుతోంది, గొయ్యి అడుగున ఆ తాడు తిరిగే చిన్న చక్రం చూడండి అని. నిజమే. పైనుంచి టార్చి వేస్తే చక్రానికి గుడ్డపేలిక చుట్టుకుని కనబడుతోంది. ఎంత బాగా చెప్పిందో చూడు, ఇంజనీరైనా ఇంత తొందరగా చెప్పడు.

మోటారు గదికి వెళ్ళి మెయిన్ స్విచ్చు ఆపాను. అక్కడ స్విచ్చులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, వాటి మీది పేర్లు ఎవరో తారుమారుగా అంటించారు. నేను ఆపింది పక్క లిఫ్టుది. గొయ్యి దగ్గరికొచ్చి, అలవాటుగా "మెయిన్ ఆఫ్" అన్నాను.

"సరే, మెయిన్ ఆఫ్. ఇప్పుడు చక్రం దగ్గరికి వెళ్ళవచ్చు" అంది.

ఆ తరవాత బయట బటన్ నొక్కి లిఫ్టు కదలడం లేదని చూసుకోవాలి. గొయ్యిలో లిఫ్టును ఆపి ఉంచే ఎర్ర బటన్ నొక్కాలి. అవి నాకు తెలియవా? నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ మాట తిరిగి వచ్చేసింది కదా మావయ్యా! ఇన్నేళ్ళుగా ఆ మాట చెవిన పడిందంటే ఎవరో నా తరఫున చూసి వచ్చారనే. నా బుర్ర ఆలోచించేలోపే కాళ్ళు దిగేశాయి. పేలిక పట్టుకుని లాగుతుంటే పైన ఎవరో బటన్ నొక్కారు. తాడు కదిలింది. చక్రం నా వేళ్ళు పట్టుకుంది. ఎడమచేత్తో ఎర్ర బటన్ కొట్టాను కాబట్టి ఈ ఉత్తరం చెబుతున్నాను.

అక్కడ మెట్లు కడిగే ఆవిడ తన తువ్వాలు చింపి కట్టు కట్టింది. "ఎవరూ లేరామ్మా నీతో?" అని మూడుసార్లు అడిగింది. కంపెనీకి మాత్రం వ్యాను తలుపులో వేళ్ళు పడ్డాయని చెప్పాను. నీ ప్రశ్నకు జవాబు అప్పటికే నాకు తెలిసిపోయింది, అందుకే పంతులుగారి ఉత్తరం రాయించాను.

మీటింగు ఇంకో రెండు వారాల్లో ఉంది. నిజం చెబితే సీనియర్ మాట అంతే. స్విచ్చు సరిచూసుకోకుండా దిగింది నేనే కదా. అంతకంటే భయం, ఫోనే తీసేస్తారేమోనని. మళ్ళీ మాన్యువల్ ముందు మొద్దులా కూర్చోవాలి, రిపోర్టు మళ్ళీ వెనక్కి రావాలి. చెప్పకపోతే అన్న స్టోరులోనే ఉండిపోతాడు, అందరూ ఒంటరిగా పోతారు. నాకేం పాలుపోవడం లేదు.

ఏం చెయ్యమంటావు అని అడగడం లేదు. ఊరికే చెబుతున్నాను.

పిడుగు

*

మేడగది.

పిడుగుకు,

వేళ్ళు ఉన్నాయన్న ముక్క ముందే చదివాను. అయినా మీ అత్తయ్య ఏడ్చింది. తరవాత నిన్ను తిట్టింది. తరవాత స్విచ్చులకు పేర్లు అంటించినవాణ్ణి తిట్టింది. ఆ తిట్లు మాత్రం నాకు స్పష్టంగా వినబడ్డాయి.

నేను ఒక హోటల్లో పనిచేసినప్పుడు అక్కడ లిఫ్టు పక్కనే పంజరంలో ఒక మైనా ఉండేది. వచ్చేవాళ్ళను "రండి, కూర్చోండి" అని పలకరించేది. మేము రోజూ ఆ పక్కన పనిచేస్తుంటే మా మాటలూ పట్టేసింది. ఒకరోజు నా జతగాడు గొయ్యి దగ్గర నిలబడి కేకేశాడు. పైన నేనింకా స్విచ్చు దగ్గరికే చేరలేదు, కింద మైనా మారుపలికింది. వాడు ఒక కాలు కిందపెట్టి, గొంతు తేడాగా ఉందని ఆగాడు. లేకపోతే నాకు వేరే జతగాణ్ణి వెతికేవాళ్ళు. మైనాను మేమేమీ అనలేదు. అది దాని మర్యాద కొద్దీ పలికింది. ఆనాటి నుంచి మేము గొయ్యిలో పనున్నప్పుడల్లా పంజరం మీద గుడ్డ కప్పేవాళ్ళం. పనయ్యాక తీసేవాళ్ళం.

పోలిక పూర్తిగా కుదరలేదు, నాకూ తెలుసు. మైనాకు మాన్యువల్ చదవడం రాదు. నీ ఫోనును మూసి పక్కన పెడితే చక్రంలో పేలిక ఉందని నీకెవరు చెప్పేవారు? అది చెప్పింది కరెక్టే, పలకకూడని చోట పలికింది, అంతే.

నువ్వు అడగలేదు కాబట్టి నేను చెప్పను. చెబితే సీనియర్ పోతుందన్నావు, పోతుంది. దానికి చక్కెర అద్ది ఇవ్వడం నాకు రాదు. నా చెవులతో పాటు పైపై ఓదార్పులు కూడా ఎప్పుడో పోయాయి. కానీ ఒక సంగతి మనసులో తిరుగుతోంది. నన్ను అద్దాల పెట్టెలో పెడతామన్న ఆ అమ్మాయిలు పని నేర్చుకోవడం ఎప్పటికి పూర్తవుతుంది? పూర్తయ్యాక వాళ్ళు ఎవరితో వెళతారు?

మీ అత్తయ్య కాగితం లాక్కుని చివర్న ఒక ముక్క రాస్తానంటోంది.

*సీనియర్ గీనియర్ ఏమీ వద్దు. చేతికి నీళ్ళు తగలనివ్వకు. — అత్తయ్య*

*

హాస్టలు,
వానలు వెళ్ళిపోయాయి.

మావయ్యా, అత్తయ్యా,

ఇది నా చేతిరాత. కోడి గీసినట్టుందని నాకు తెలుసు, ఒక్కో అక్షరానికీ వేళ్ళు తిడుతున్నాయి. ఓపిగ్గా చదవండి.

మీటింగుకు ముందు రోజు ఫోను దగ్గర కూర్చుని జరిగింది చెప్పి, కాగితం రాసిపెట్టమన్నాను. "మానవ తప్పిదం వల్ల స్వల్ప సంఘటన" అని మొదలెట్టింది. "స్వల్పం ఎవరి వేళ్ళకి?" అన్నాను. "క్షమించండి, ఆ మాట తీసేస్తున్నాను" అంది. మారుపలకడం అంటే ఏమిటో దానికి వివరించాను. అప్పుడు అడిగింది: "అంటే మీ పనిలో మాట తిరిగి చెప్పడమంటే, చూశాను అని చెప్పడమా?" అవునన్నాను. "అయితే నేను అలా అనకూడదు. నాకు స్విచ్చు కనబడదు. కంపెనీవాళ్ళకు ఈ సంగతి చెప్పండి, నా తీరు అందరి ఫోన్లలో మార్చాల్సింది వాళ్ళే" అంది. కాగితం మళ్ళీ రాసింది. ఈసారి నేను మాట్లాడినట్టే ఉంది, ఒక్క 'గారు' కూడా లేదు.

మేనేజరమ్మ, సూపర్‌వైజర్, ఒంటరిగా తిరిగిన మేము నలుగురం, గోడకు ఆనుకుని నిదానం అన్న. ముందు తక్కిన ముగ్గురూ లేచి బాగుందండీ, బాగుందండీ అన్నారు. నేను లేచి కాగితం చదివాను. వ్యాను తలుపు అబద్ధమన్న ముక్క కూడా వదల్లేదు. చదివేశాను.

"అయితే తప్పు ఫోనుదంటావా?" అంది మేనేజరమ్మ.

"కాదండీ. సరిచూసుకోకపోవడం నాది. ఒంటరిగా పంపడం మీది. మా పద్ధతి దానికి చెప్పకపోవడం మనందరిదీ."

"ఫోన్లు వెనక్కి తీసేసుకోమంటావా మరి?"

"అయ్యో, వద్దండీ! దాన్ని తీసేస్తే సగం లిఫ్టుల ముందు నేను మళ్ళీ గుడ్డిదాన్నే."

"ఫోను వద్దనవు, ఒంటరిగా వెళ్ళనంటావు. ఏం కావాలి నీకు?"

"రెండూ కావాలండీ. ఏం చెయ్యాలో ఫోను చెప్పాలి. చేశానో లేదో పక్కనున్న మనిషి చూడాలి."

సూపర్‌వైజర్ నా వైపు చూడలేదు. "ఒక్కరి అజాగ్రత్తను పట్టుకుని అందరికీ రూలు మార్చలేం. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు కదా" అన్నాడు. టీకి లేచారు.

నేను కొళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే మీసాలబాబు వచ్చాడు. నలుగురిలో ఒకడు, లిఫ్టు తనను చూస్తేనే బాగుపడుతుందని కోతలు కోస్తాడు. పక్క కొళాయి తిప్పి, చేతులు కడిగి, మళ్ళీ కడిగి, "నాకూ పలికింది" అన్నాడు.

"ఏంటి?"

"ఫోను. మెయిన్ ఆఫ్ అంటే మెయిన్ ఆఫ్ అంది. దిగిపోయాను. పైకొచ్చాక చూస్తే స్విచ్చు వేసే ఉంది. ఏమీ కాలేదు కదా అని ఎవరికీ చెప్పలేదు."

"పైకెళ్ళి చెప్పు."

"ఇప్పుడా? చేతులు తడిగా ఉన్నాయి."

"నోటితో చెప్పరా బాబూ, చేతులతో కాదు!"

వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అతను చెబుతుంటే మూడో మెకానిక్ తల వంచుకుని, తనకూ ఒకసారి అలాగే అయిందన్నాడు. నాలుగో ఆయన అసలు గొయ్యిలోకే దిగడం లేదట, భయమేసి, దిగినట్టు రిపోర్టు రాయిస్తున్నాడట. సూపర్‌వైజర్ మొహం చూడాలి నువ్వు. మేనేజరమ్మ టీ కప్పు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, "మొదటినుంచి చెప్పండి, ఒక్కొక్కరూ" అంది.

రూలు మారింది. గొయ్యిలోకి దిగినా, లిఫ్టు మీదికి ఎక్కినా ఇద్దరుండాలి. చిన్నాచితకా పనులకు మాత్రం ఒక్కరే పోవాలట, అది తప్పలేదు. ఫోను కూడా మారింది. ఇప్పుడు "మెయిన్ ఆఫ్" అంటే, "నాకు కనబడదు. ఎవరు చూశారు?" అని అడుగుతోంది.

సీనియర్ పోస్టు ఈ ఏడాదికి లేదన్నారు. స్విచ్చు సరిచూసుకోకుండా దిగినందుకూ, అబద్ధం చెప్పినందుకూ. న్యాయమే. అయినా స్టోరు వెనక నిలబడి ఏడ్చాను, నీ దగ్గర దాచడం ఎందుకు.

అక్కడికి నిదానం అన్న వచ్చాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను. పనిసంచి నా ఎడమ భుజానికి తగిలించి, "సీనియరైతే నన్ను పరిగెత్తించేదానివి. ఇంకో ఏడాది నా నడకే నడవాలి నువ్వు. పద" అన్నాడు.

గేటు దాకా వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో అడగకు.

పిడుగు